కర్రి ఎటు చూసింది

నా చిన్నప్పుడు అలసట అంటే ఏమిటో మనుషుల కంటే ముందు ఒక కుక్క దగ్గర చూశాను. ఇప్పుడు నాకు దాని గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. పొద్దున్న లేవగానే నా మోకాళ్ళే చెబుతాయి. డెబ్భై దాటిన ఆడమనిషిని ఇంకా కెమెరా ఇచ్చి చేపల చెరువుల గట్ల మీద తిప్పుతున్నారంటే ఎవరూ నమ్మరు. కానీ తిప్పుతున్నారు. తాడేపల్లిగూడెంలో మా స్టూడియో ఇప్పుడు మా అబ్బాయి చూస్తున్నాడు. పెళ్ళిళ్ళూ పుట్టినరోజులూ వాడూ, వాడి దగ్గర పనిచేసేవాళ్ళూ తీసుకుంటారు. వాటికి నా అవసరం లేదు. కుక్కల ఫొటోలంటే మాత్రం, "అమ్మా, నువ్వూ రావాలి" అని ముందురోజే చెప్పేస్తాడు.

ఈమధ్య ఆ బేరాలు ఎక్కువయ్యాయి. కైకలూరు దాటాక చెరువుల మధ్య గెస్ట్ హౌసులు కట్టారు. ఆదివారం వచ్చిందంటే ఊళ్ళ నుంచి కార్లు బారులు తీరతాయి. మోకాళ్ళ దాకా బూట్లు, నెత్తిన టోపీ, చేతిలో గేలం, పక్కన ఇంతెత్తు వేటకుక్క. వేటాడడానికి ఏమీ లేదు. కొల్లేట్లో పిట్టని కొడితే ఇప్పుడు నేరం, అది మంచిదే. గేలానికి చేప పడితే పడుతుంది. పడకపోతే పొద్దున్న వల వేసి పట్టిన కొర్రమేనునే తెచ్చి గేలానికి తగిలిస్తారు. ఏదెలా ఉన్నా ఫొటో పడాలి, అందులో కుక్క తిన్నగా కెమెరాలోకి చూడాలి. మా అబ్బాయి ఈల వేస్తాడు, చిటికెలు వేస్తాడు, రబ్బరు బొమ్మని నొక్కి కీచుమనిపిస్తాడు. కుక్క ఒకసారి చూసి, వీడి సంగతి ఇంతేలే అన్నట్టు తల తిప్పేసుకుంటుంది. అప్పుడు కారులో కునికిపాట్లు పడుతున్న నన్ను లేపుతారు.

నేను వెళ్ళి ఒక్క ప్రశ్న అడుగుతాను. ఆ తరవాత కుక్క మాట వింటుంది. అందరూ అదేదో విద్య అనుకుంటారు. విద్యా లేదు, గిద్యా లేదు. ఆ ప్రశ్న మా తాతయ్య వాకిట్లో, ఒక మబ్బు పట్టిన పొద్దున్న నాకు దొరికింది.

మాది ముదినేపల్లి అవతల, కొల్లేటి వైపు పల్లె. మా నాన్న వాళ్ళ నాన్న, అంటే మా తాతయ్య, పొలం మనిషి. ఏడాదంతా చాకిరీయే. సార్వా కోతలు అయ్యి రెండో పంట దాళ్వా పనులు మొదలయ్యేలోపు ఆయనకి నాలుగు రోజులు తీరిక దొరికేది. ఆ తీరికలో ఆయన సరదా పరజల వేట. పరజలంటే చలికాలంలో ఎక్కడెక్కడి నుంచో వచ్చి కొల్లేట్లో వాలే చిన్న బాతులు. ఆ రోజుల్లో వాటిని కొట్టడం తప్పని ఎవరూ అనుకునేవారు కాదు. తాతయ్యకి లైసెన్సు ఉన్న పాత తుపాకీ ఒకటి, తాటి దోనె ఒకటి ఉండేవి. ఆ రెంటి కంటే విలువైనది కర్రి.

కర్రి ఆడకుక్క. ఒళ్ళంతా నలుపు, గుండె మీద అరచేతి వెడల్పున తెల్ల మచ్చ. జాతికుక్కేమీ కాదు. తుపాకీ పేలిందంటే దోనెలోంచి దూకేది. కిక్కిస గడ్డిలో, తూడులో, మనిషి కాలు పెట్టలేని చోటికి ఈదుకుంటూ పోయి, పడిన పిట్టని పంటి గాటు పడకుండా నోట కరుచుకుని తెచ్చేది. ఇంట్లో ఉన్నప్పుడు మాత్రం నా వెనకే తిరిగేది. నేను అరుగు మీద కూర్చుని ఎక్కాలు చదువుతుంటే నా వీపుకి వీపు ఆనించి పడుకునేది. నాకు అన్నదమ్ములూ అక్కాచెల్లెళ్ళూ లేరు. దానికి ఆ సంగతి తెలుసని నేను గట్టిగా నమ్మేదాన్ని.

వేట నుంచి వచ్చినప్పుడు మాత్రం అది నన్ను కూడా చూసేది కాదు. ఒళ్ళంతా బురద, చెవుల నుంచి నీళ్ళు, కాళ్ళు నాలుగూ సన్నగా వణుకుతూ ఉండేవి. వాకిట్లో కూర్చుని ఏమీ అడగనట్టు, అన్నీ అయిపోయినట్టు ఉండేది. మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. వేట నుంచి రాగానే తాతయ్య తడిపంచె కూడా మార్చుకోకుండా వంటపాకలోకి వెళ్ళేవారు. పిట్టల కార్జాలూ కందనకాయలూ నాన్నమ్మ ఉడికించి ఇస్తే, వేడన్నంలో ఆ నీళ్ళు పోసి, మట్టి మూకుట్లో తన చేత్తో మెత్తగా కలిపి, మూకుడు అంచు మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టేవారు. ఆ చప్పుడుకి కర్రి లేచి వెళ్ళేది. అది తిన్నాకే ఇంట్లో మిగతావాళ్ళకి కంచాలు. పెద్ద చుట్టాలొచ్చినా అంతే. నీళ్ళలోకి దిగింది అది, మనం కాదుగా అనేవారు తాతయ్య.

ఆ ఏడు ఏలూరుకి ఒక ఇంజినీరుగారు బదిలీ మీద వచ్చారు. మా వైపు మనిషి కాదు, పై జిల్లాల నుంచి వచ్చారు. మంచివారే. గట్టిగా నవ్వేవారు, ఉన్నదున్నట్టు మాట్లాడేవారు. ఆయనకి వేటంటే సరదా. కొత్త తుపాకీ ఉంది, బూట్లున్నాయి, జీపుంది. లేనిదల్లా కుక్క. ఎవరో తాతయ్య పేరు చెబితే ముందురోజు సాయంత్రమే మా ఇంటికి వచ్చారు. వేటయ్యాక తుపాకీతో, పిట్టలతో తనకి ఫొటో కావాలన్నారు. అందుకని తాతయ్య మా మావయ్యకి కబురు పెట్టారు.

మావయ్య మా అమ్మకి అన్న. గూడెంలో ఫొటో స్టూడియో ఆయనదే. భీమవరం దాకా బస్సు, అక్కణ్ణుంచి కైకలూరు దాకా రైలు, ఆపైన ఎడ్లబండి, ఇన్ని మారి ఆ పెద్ద కెమెరా పెట్టె, మూడు కాళ్ళ స్టాండు మోసుకుంటూ వచ్చాడు. ఆయన ఎప్పుడూ అలిసిపోయినట్టే ఉండేవాడు. మాట కూడా సగంలో ఆపేసి, మిగతాది మీరే అనుకోండి అన్నట్టు చూసేవాడు. వేటగాళ్ళ ఫొటోలు తీయడం ఆయనకి ఇష్టం లేదు. చలికాలమంతా ఇదే పని. కుర్చీలో ఒకాయన, ఒళ్ళో తుపాకీ, కర్రకి వేలాడదీసిన పిట్టలు, కాళ్ళ దగ్గర కుక్క. మనిషి మారతాడు గానీ ఫొటో మారదు అనేవాడు.

మర్నాడు తెల్లవారుజామున తాతయ్యా, ఇంజినీరుగారూ, కర్రీ దోనె మీద వెళ్ళారు. ఎండ రావలసిన వేళకి తిరిగొచ్చారు గానీ ఎండ లేదు, ఆకాశమంతా మబ్బు. ఇంజినీరుగారు తొడల దాకా బురదలో ఉన్నారు, మొహం వెలిగిపోతోంది. వాకిట్లో నిలబడి అందరికీ వినపడేలా చెప్పారు. ఆయన కొట్టిన పిట్ట దెబ్బతిని దట్టమైన కిక్కిసలో పడిందట. దోనె వెళ్ళే దారి లేదు, వదిలేద్దాం అనుకున్నారట. కర్రి దూకి, లోపలికి పోయి, ఎంతసేపటికీ రాలేదట. అది పోయిందనే అనుకుంటుంటే పిట్టతో సహా తేలిందట.

"ఇలాంటి కుక్కని నేనెక్కడా చూడలేదు. నా దగ్గరుంటే ఎంత బాగుంటుందో అన్నాను. అనగానే తీసుకెళ్ళమన్నారు పెద్దాయన! ఇంత మంచి మనసు ఎవరికుంటుంది? మధ్యాహ్నం జీపులో తీసుకెళ్ళిపోతాను," అన్నారు.

ఏం జరిగిందో ఆ క్షణంలోనే మా ఇంట్లో అందరికీ అర్థమైంది, ఆయనకి తప్ప.

మా వైపు మాటతీరు తెలియనివాళ్ళకి ఇది కాస్త విడమరచి చెప్పాలి. ఎవరైనా మన ఇంట్లో ఏదైనా బాగుందంటే, "అంతకంటేనా అండీ, పట్టుకెళ్ళండి" అంటాం. అవతలివాళ్ళు వెంటనే, "అబ్బే, ఉండనివ్వండి, మీ దగ్గరుంటే ఒకటీ మా దగ్గరుంటే ఒకటీనా" అంటారు. అక్కడికి అయిపోతుంది. పక్కింటి అక్క మా అమ్మ మెళ్ళో గొలుసు బాగుందంటే అమ్మ ఆ మాటే అనేది, అక్క ఈ మాటే అనేది, గొలుసు ఎక్కడిదక్కడే ఉండేది. పెరట్లో గుమ్మడికాయ నుంచి పాడిగేదె దాకా అన్నిటికీ ఇదే వరస. తాతయ్య కూడా దోనెలో అలవాటుగా ఆ మాటే అన్నారు. ఇంజినీరుగారి వైపు అలాంటి ఆనవాయితీ లేదు. తీసుకెళ్ళమంటే తీసుకెళ్ళమనే అనుకున్నారు. ఆయన తప్పు ఇసుమంతైనా లేదు.

ఇప్పుడు కాదనాలంటే ఏమని చెప్పాలి? ఊరికే అన్నామండీ, మీరు నిజమనుకున్నారా అంటే, ఇంటికొచ్చిన పెద్దమనిషిని పట్టుకుని మర్యాద తెలియనివాడని అన్నట్టే. మా తాతయ్య ప్రాణం పోయినా ఆ పని చేయరు. నేను నాన్నమ్మ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ పొయ్యిలో పుల్లలు ఎగదోస్తూ, "మాటన్నాక ఇంకేం చేస్తామే" అంది, మొహం ఇటు తిప్పలేదు. నాన్న దగ్గరికి వెళితే, బాగుండదమ్మా అన్నాడు. చివరికి తాతయ్య దగ్గరికే వెళ్ళాను. ఆయన పై కండువా పిండుకుంటున్నారు. అందులో నీళ్ళు ఎప్పుడో అయిపోయాయి, అయినా పిండుతూనే ఉన్నారు. నేనేమీ అనకముందే నా తల మీద చెయ్యి వేసి, "అల్లరి చెయ్యకమ్మా, పెద్దవాళ్ళున్నారు" అన్నారు.

కర్రి తన మామూలు చోట కూర్చుని వణుకుతోంది. దాని మెడకి అప్పుడే జీపులోంచి తెచ్చిన కొత్త గొలుసు వేశారు. అది రాత్రికి ఏలూరులో, ఎవరో తెలియని ఇంట్లో, ఎవరి వీపుకి ఆనుకుని పడుకుంటుంది? ఏడుపు ఆపుకోలేక, వాకిట్లో స్టాండు నిలబెడుతున్న మావయ్య పంచె పట్టుకుని లాగాను.

"నన్నడిగితే నేనేం చేసేదమ్మా? ఫొటో తీసుకునేవాణ్ణి," అన్నాడు. స్టాండు కాలు మెత్తనేలలో దిగిపోతుంటే కింద రాయి పెట్టి, నడుం పట్టుకుని లేచాడు. కర్రి కేసి కాసేపు చూశాడు. "దానికి అన్నం పెట్టారా?" అని అడిగాడు.

ఇంకా లేదన్నాను. అన్నం తింటే నిద్రపోతుంది, ఫొటోలో హుషారుగా ఉండదు, అయ్యాక పెట్టండి అని ఇంజినీరుగారు అన్నారని చెప్పాను. మావయ్య ఊఁ అన్నాడు. అంతే. నాకు ఆయన మీద కూడా కోపం వచ్చింది.

కుర్చీ వేశారు. ఇంజినీరుగారు తుపాకీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఒక చేతిలో కర్రి గొలుసు పట్టుకున్నారు. పక్కన తాతయ్యని నిలబెట్టారు. వెనక కర్రకి పరజలు వేలాడుతున్నాయి. మావయ్య నల్లగుడ్డ కప్పుకుని కెమెరా వెనక చాలాసేపు ఉన్నాడు. బయటికి వచ్చి, మబ్బుగా ఉంది కాబట్టి లెన్సు మూత తీసి మళ్ళీ పెట్టేదాకా ఎవరూ కదలకూడదని చెప్పాడు. కర్రి కదలలేదు. కానీ తల ఎత్తి తాతయ్య మొహంలోకే చూస్తోంది.

"పెద్దాయన పక్కనుంటే అది ఇటు చూడదండీ. ఆయన్ని కాస్త లోపలికి వెళ్ళమందాం," అన్నాడు మావయ్య. ఇంజినీరుగారు సరే అన్నారు. తాతయ్య కదులుతుంటే మావయ్య ఆయన పక్కనే రెండడుగులు వేసి నెమ్మదిగా ఏదో చెప్పాడు. తాతయ్య ఒకసారి ఆగి, వంటపాక వైపు వెళ్ళారు.

కాసేపటికి వంటపాకలోంచి ఉడికిన కార్జాల వాసన వచ్చింది. కర్రి తల వంటపాక వైపు తిరిగింది. ఇంజినీరుగారు గొలుసు మెల్లిగా లాగారు. అది ఇటు చూసి మళ్ళీ అటు తిరిగింది. ఆయన ఈల వేశారు. పేరు పెట్టి పిలిచారు. జేబులోంచి బిస్కెట్టు తీసి ఇచ్చారు. కర్రి మర్యాదగా ఆ బిస్కెట్టు తిని, మూతి నాక్కుని, మళ్ళీ అటే చూసింది. అప్పుడు లోపల మూకుడు అంచు మీద టక్కుటక్కుమని చప్పుడైంది. కర్రి లేచి నిలబడింది. గొలుసు బిగుసుకుంది. అది లాగలేదు, మొరగలేదు, మూలగలేదు. అంత అలసటలోనూ మెడ సాచి, చెవులు నిక్కించి, ఆ గుమ్మం కేసి చూస్తూ అలాగే నిలబడిపోయింది. దాని కాళ్ళు వణుకుతూనే ఉన్నాయి.

మావయ్య నల్లగుడ్డ కింద నుంచి తల బయటపెట్టాడు. మొహం తుడుచుకున్నాడు.

"నాకు చేతకావడం లేదండీ. మీరే ఒకసారి వచ్చి చూడండి. ఎలా పడుతుందో మీకూ తెలుస్తుంది," అన్నాడు.

ఇంజినీరుగారి కుర్చీలో మావయ్య కూర్చుని గొలుసు పట్టుకున్నాడు. ఇంజినీరుగారు వెళ్ళి నల్లగుడ్డ కప్పుకున్నారు. ఆ కెమెరాలో వెనక గరుకు అద్దం ఉంటుంది, దాని మీద బొమ్మ తలకిందులుగా కనిపిస్తుంది. మావయ్య నన్ను ఒకటి రెండుసార్లు చూడనిచ్చాడు. చుట్టూ చీకటి, మధ్యలో ఆ చిన్న వెలుగు. ఇంకేమీ కనిపించదు కాబట్టి ఉన్నదాన్నే చూస్తాం. ఇంజినీరుగారు ఆ గుడ్డ కింద ఎంతసేపున్నారో నాకు తెలియదు. నేను మాత్రం అన్నిటి కేసీ మార్చి మార్చి చూస్తున్నాను. గొలుసు కేసి, గుమ్మం కేసి, గుడ్డ కింద కదలని ఆ బూట్ల కేసి.

బయటికి వచ్చేసరికి ఆయన జుట్టు చెదిరిపోయి ఉంది. పొద్దుటి నవ్వు లేదు. అలిసిపోయిన మనిషిలా ఉన్నారు.

"తలకిందులుగా ఉన్నా తెలిసిపోతోందయ్యా," అన్నారు. జుట్టు సవరించుకుంటూ, "ఈ ఫొటో నా గదిలో పెట్టుకుంటే, వచ్చిన ప్రతివాడూ అడుగుతాడు. నువ్వు గొలుసు పట్టుకున్నావు సరే, అది ఎవరి కోసం చూస్తోందీ అని," అన్నారు.

ఆయనే వచ్చి, వంగి, కర్రి మెడలోంచి గొలుసు తీసేశారు. కర్రి మమ్మల్నెవర్నీ చూడకుండా వంటపాకలోకి పోయింది.

అందరం వెనకే వెళ్ళాం. తాతయ్య తడిపంచెతో గొంతుక్కూర్చుని మూకుడు పట్టుకుని ఉన్నారు. కర్రి మూకుట్లో మూతి పెట్టి తింటోంది. ఇంజినీరుగారు గుమ్మంలో నిలబడి, "దీన్ని మీ దగ్గరే ఉంచండి" అన్నారు. తాతయ్య తలెత్తారు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. అంత జరిగాక కూడా, ఏం చెప్పమంటారు, ఆ నోటికి అలవాటు పోలేదు.

"అయ్యో, ఎంత మాటండీ! అన్నం తిన్నాక పట్టుకెళ్ళండి," అనేశారు.

నాన్నమ్మ పొయ్యి దగ్గర నుంచి గట్టిగా దగ్గింది. అమ్మ నా భుజం పట్టుకుంది. ఇంజినీరుగారు తాతయ్య కేసి చూశారు, మా మొహాలు చూశారు, దగ్గిన నాన్నమ్మ కేసి చూశారు. అప్పుడు ఆయనకి అంతా అర్థమైనట్టుంది. పొద్దుటి కంటే చిన్నగా నవ్వారు.

"అబ్బే, ఉండనివ్వండి," అన్నారు.

మావయ్య కెమెరా వంటపాక ముందుకి జరిపి అప్పుడు ఫొటో తీశాడు. గొంతుక్కూర్చున్న తాతయ్య, మూకుట్లో తల పెట్టిన కర్రి, పక్కన చేతులు కట్టుకుని నిలబడిన ఇంజినీరుగారు. తుపాకీ లేదు, పిట్టలు లేవు. కర్రి మొహం కూడా కనిపించదు, రెండు చెవులు తప్ప. ఒక కాపీ ఇంజినీరుగారు తీసుకున్నారు. ఒకటి మా స్టూడియో లోపలి గదిలో ఇప్పటికీ ఉంది. ఆ తరవాత కూడా ఆయన ప్రతి చలికాలం మా ఇంటికి వచ్చేవారు. కర్రి ముందు తినేదాకా తనూ కంచం ముందు కూర్చునేవారు కాదు. కర్రి మా ఇంట్లోనే ముసలిదై, మా అరుగు మీదే పోయింది.

ఆ సాయంత్రం మావయ్యని బండి దాకా సాగనంపడానికి వెళ్ళాను. పెట్టె బండిలో పెట్టి, దాని మీదే కూలబడ్డాడు. నాకు ఉదయం నుంచి ఒక్క సందేహం తొలుస్తోంది. తాతయ్య కోసమే అది అటు చూసిందని ఇంజినీరుగారు అనుకున్నారు. కానీ అన్నం కలపమని తాతయ్యకి చెప్పింది మావయ్యే. మరి ఇది మోసం కాదా? కర్రి చూసింది తాతయ్య కోసమా, అన్నం కోసమా? నిజం చెప్పమని అడిగాను. అన్నం కోసమే అయితే నేను కొంచెం బాధపడడానికి సిద్ధంగా ఉన్నాను.

మావయ్య కళ్ళు మూసుకునే జవాబు చెప్పాడు. "ఆ రెండూ దానికి వేరువేరని నీకెవరు చెప్పారే?"

బండి కదిలింది. ఆయన ఆ పెట్టె మీదే కూర్చుని నిద్రపోయాడు.

తరవాత కొన్నేళ్ళకి ఆయన కొడుకునే చేసుకుని నేను గూడెం వచ్చాను. మావయ్య మావగారయ్యారు. ఆడవాళ్ళ ఫొటోలు ఆడమనిషి తీస్తే బాగుంటుందని కెమెరా నా చేతికిచ్చారు. వెలుతురు సంగతీ, ఫిల్ము కడగడం సంగతీ అన్నీ ఆయనే నేర్పారు. వాటిలో చాలా మటుకు ఇప్పుడు పనికిరావు, కెమెరాలే మారిపోయాయి. పనికొచ్చేది ఆ మబ్బు రోజు చూసిందొక్కటే. ఎంతమంది ఎన్ని కుక్కలతో వచ్చినా నేను ముందు అడిగేది ఒక్కటే: దీనికి అన్నం పెట్టేదెవరు? వాళ్ళని తెచ్చి నా వెనక నిలబెట్టమంటాను.

మొన్న ఆదివారం కైకలూరు దగ్గర చెరువు గట్టు మీద ఒక కుర్రాడు వచ్చాడు. పొడుగుకాళ్ళ వేటకుక్క, కొత్త గేలం, బూట్లు. మా అబ్బాయి బొమ్మలూ ఈలలూ అయిపోయాక నన్ను లేపారు. వెళ్ళి అడిగాను. "నేనేనండీ" అన్నాడు కుర్రాడు. పక్కనున్న పెళ్ళాం ఫక్కున నవ్వింది. అప్పుడు ఒప్పుకున్నాడు, వాళ్ళమ్మ పెడుతుందట. ఆవిడేదీ అంటే, కాళ్ళ నొప్పులు, కారులో కూర్చుంది అన్నాడు. రప్పించాను. ఆవిడ నా వెనక వచ్చి నిలబడిందో లేదో కుక్క చెవులు లేచాయి, కళ్ళు తిన్నగా కెమెరాలోకి వచ్చాయి. అందరూ అబ్బా అన్నారు. ఆవిడ నా చెవి దగ్గరకి వంగి, నేను ఫొటోలో పడనుగదండీ, చీర నలిగిపోయింది అంది. పడరండీ అన్నాను. నాకెందుకో ఆవిడకి లేచిన ఆ రెండు చెవులూ చూపించి, మీరు పడేది అందులోనే అని చెప్పాలనిపించింది. ఓపిక లేక ఊరుకున్నాను.

ఇంటికొచ్చేసరికి పొద్దు గూకింది. వరండాలో కుర్చీలో కూలబడ్డాను, చెప్పులు విప్పడానికి కూడా వంగలేదు. మా మనవరాలు ఫోను పట్టుకొచ్చి, నానమ్మా ఇలా చూడు, ఇలా చూడు అంటూ ఎదురుగా నిలబడింది. చూద్దామనే అనుకున్నాను. అంతలో లోపల గిన్నె మూత తీసిన చప్పుడైంది. "అత్తయ్యగారూ, వేడిగా ఉంది, రండి" అని మా కోడలి గొంతు వినిపించింది.

మనవరాలు ఫోను నాకు చూపించి మొహం ముడుచుకుంది. అందులో నేను మెడ సాచి, వంటింటి గుమ్మం కేసి చూస్తున్నాను. నా అలసటంతా ఆ మొహంలో ఉంది, ఇంకా ఏదో కూడా ఉంది. బాగా రాలేదు, తీసేసి ఇంకోటి తీస్తాను అంది.

"ఉండనివ్వమ్మా," అని, కుర్చీ చేతులు పట్టుకుని లేచి, లోపలికి వెళ్ళాను.